ఎదురు వరుస

ఆషాఢం ముసురు పట్టిన మధ్యాహ్నం, వంటింట్లో పకోడీలకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఫోన్‌లో పాటలు వాటంతటవే ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. ముందొక మల్హార్, దాని వెనక ఒక కజరీ. రెండూ వానకు తగినవే. మూడోది హోరీ. కాఫీ రాగంలో, నిదానంగా అడుగులేసే దీప్‌చందీ తాళంలో, తన మీద రంగు చల్లొద్దని కృష్ణుణ్ణి బతిమాలుతున్న గొంతు. పాట బాగుంది, పాడినావిడ గొప్ప గాయని. అయినా నాకేదో ఇబ్బంది. చెయ్యి కడుక్కొని ఆ పాట మార్చేద్దామా అనిపించింది. ఎందుకు మార్చాలి? హోలీ దాటి నెలలయింది, నిజమే. అయితే ఏమిటి? మామిడిపండు గుజ్జు ఫ్రిజ్‌లో దాచుకుని కార్తీకంలో తినే రోజులివి, పాటకొక్కదానికే పంచాంగం చూడాలా? కచేరీలో విద్వాంసులు వేళ కాని వేళ రాగం ఎత్తుకుంటే తప్పుపట్టే పెద్దలు ఉంటారు, వాళ్ళకి శాస్త్రం ఉంది. నాకు శాస్త్రమూ తెలియదు, పట్టింపూ లేదు. మరి ఎవరినీ నొప్పించని ఆ కాలం తప్పిన పాట నన్నెందుకు గుచ్చిందా అని అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

వెతగ్గా వెతగ్గా ఆ గుచ్చుకోవడం వెనక మా నాయినమ్మ గొంతు వినపడింది. కరీంనగర్ వైపు మా ఊళ్ళో కాముని పున్నమికి ముందు పిల్లలం కోలలు పట్టుకుని ఇంటింటికీ జాజిరి ఆడుతూ పోయేవాళ్ళం. రెండు వరుసలుగా నిలబడి, ఎదుటివాడి కోలకు మన కోల తగిలిస్తూ, పాట ఒక వరుస అందిస్తే రెండో వరుస అందుకోవాలి. కోల తప్పితే వేళ్ళు పగిలేవి. ఇంటివాళ్ళు చేటలో మక్కలో వడ్లో తెచ్చి పోసేవాళ్ళు, ఉన్నవాళ్ళయితే పైసలిచ్చేవాళ్ళు. కాముని మంటకు కట్టెలూ పిడకలూ ఇవ్వమంటే ఎటూ తేల్చని పిసినారి ఇల్లు ఊరికొకటి ఉంటుంది. ఆ ఇంటి ముందు పాట వరుస మారిపోయేది. ఆసామి పీనాసితనం, మీసాలు, పాలివ్వని బర్రె, అన్నీ పాటలోకి వచ్చేవి. మామూలు రోజుల్లో ఆయన ముందు తల ఎత్తడానికి జంకే పిల్లలు ఆ రాత్రి ఆయన గడపలోనే ఆయన మీద పాట కట్టేవాళ్ళు. ఆయనా నవ్వి తీరాలి. నవ్వకపోతే ఇంకో చరణం. పున్నమి రాత్రి కాముణ్ణి కాల్చేవాళ్ళం. తెల్లారి మోదుగుపూలు ఉడకబెట్టిన నీళ్ళతో తడిసి ముద్దయ్యేవాళ్ళం. ఆ మర్నాడు పొరపాటున నోట్లో పాత పల్లవి ఆడితే చాలు, నాయినమ్మ కసురుకునేది: "కాముడు కాలిండు గదరా, ఇగ జాజిరి ఏంది? నోరు మూసుకో." ఎందుకు పాడకూడదో చెప్పేది కాదు. మేమూ అడగలేదు. చీకటి పడ్డాక ఇల్లు ఊడవకూడదన్నట్టే ఇదీ ఒక ముచ్చట అనుకున్నాం.

తర్వాతెప్పుడో పుస్తకాల్లో తిరుగుతుంటే మా వీధి ఆటకు పెద్ద చుట్టాలే కనిపించారు. పద్నాలుగో శతాబ్దపు నాచన సోమన రాసిన వసంతవిలాసం మనకు దక్కలేదు గానీ, అందులోదని లక్షణ గ్రంథం నిలబెట్టిన ముక్కలో జాజరపాట ప్రస్తావన ఉంది. ఆ తర్వాతి శతాబ్దంలో అన్నమయ్య ఏకంగా జాజర మీదే కీర్తన కట్టాడు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయడని పేరు తెచ్చుకున్నాడు. ఇంకా వెనక్కి, ఏడో శతాబ్దంలో హర్షుడు రాసిన రత్నావళి నాటకం తెర లేవడమే కౌశాంబి నగరపు మదనోత్సవం మీద. వీధుల్లో రంగు పొడి, చిమ్మనగ్రోవులు, గుంపులుగా పాటలు, ద్విపది ఆడుతూ వచ్చే చెలికత్తెలు. చదువుతుంటే ఒక సంగతి నన్ను ఆపింది. వీటిలో ఎక్కడా ఒక్కడు కూర్చుని పాడుకోవడం లేదు. గుంపు ఉంది, ఎదురుగా మరో గుంపు ఉంది. అప్పటికి దాన్ని పట్టించుకోలేదు. నా బుర్రంతా నాయినమ్మ గడువు మీదే ఉంది. వసంతానికి పాట, వసంతం పోతే పాట పోవాలి, అంతేనా?

అంతే అయితే హిమాలయాల్లోని కుమావూఁవాళ్ళతో చిక్కొస్తుంది. అల్మోడా పట్టణం సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ బైఠకీ హోలీ మొదలయ్యేది పుష్యమాసపు మొదటి ఆదివారం. అంటే డిసెంబరు, జనవరి చలిలో. ఊలు శాలువాలు కప్పుకుని, తలుపులు బిగించుకుని, హార్మోనియం తబలాల చుట్టూ చేరి, బెల్లం ముక్క చేతిలో పెట్టుకుని, రాని వసంతం గురించి పాడతారు. దానికో క్రమం ఉంది. వసంత పంచమి దాకా భక్తి, వైరాగ్యం. పంచమి నుంచి శివరాత్రి దాకా కాస్త కాస్తగా శృంగారం. శివరాత్రి దాటాక ఇక రంగూ సరసమూ. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి నాటికి పాట గదిలోంచి వాకిట్లోకి వస్తుంది. రంగురంగుల గుడ్డముక్కలు కట్టిన స్తంభం చుట్టూ ఢోలు వేసుకుని వలయంగా తిరుగుతూ పాడే ఖడీ హోలీ అప్పటిది. చిత్రం ఏమిటంటే వాళ్ళ ఇంటి భాష కుమావూఁనీ, బైఠకీలో వినిపించేది ఎక్కువగా వ్రజభాష. ఎక్కడో మైదానంలోని యమున ఒడ్డు ముచ్చట్లను మంచు కొండల్లో కూర్చుని, ధమార్ నుంచి ఠుమ్రీ వరకు వాళ్ళదైన పద్ధతిలో మలుచుకున్నారు. అల్మోడాలో హుక్కా క్లబ్ అని ఒక పాత సంస్థ ఉంది, రామలీలకు ఎంత పేరో ఈ బైఠకులకూ అంత పేరు.

పుష్యంలోనే మొదలుపెట్టే పాట వసంతం వచ్చిందని పాడేది ఎలా అవుతుంది? పూలు పూశాక పులకించి పాడాడు కవి అని చిన్నప్పటి నుంచి మనకు పాఠాలు చెప్పారు. ఇక్కడ పాట ముందు నడుస్తోంది, పూలు వెనక వస్తున్నాయి. బైఠకీలో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ పాడేవాడు వేరు, వినేవాడు వేరు అన్న గీత ఉండదు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే, చుట్టూ కూర్చున్న వాళ్ళలో తోచినవాడు అందుకుని ఒక వరుస తన తీరున సాగదీసి తిరిగి అప్పగిస్తాడు. భాగ్ లగానా అంటారు దాన్ని, అందులో తన వంతు కలపడం. గొంతు గొప్పదా కాదా అన్నది తర్వాతి మాట. ఆ చలిగదిలో వసంతాన్ని ఒక్కడు పాడి తెప్పించలేడనీ, తలా కొంత లాగాల్సిందేననీ వాళ్ళ లెక్క కాబోలు. ఇది నా ఊహే. అయినా ఊహ ఎంత దూరం పోతుందో చూద్దామనిపించింది.

అంత దూరం పోనక్కర లేకుండా మా వీధి చివరే దానికొక జవాబు దొరికింది. హైదరాబాదు పడమటి కొసన లేచే టవర్లన్నిటికీ కూలి చేసేవాళ్ళలో బలియా, సివాన్, ఆరా వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. హోలీ దగ్గర పడుతున్న రాత్రుల్లో సగం కట్టిన ఒక టవర్ మొదటి శ్లాబు మీద నుంచి ఢోలక్ మోత వచ్చేది. వాచ్‌మన్‌ని అడిగి మెట్లెక్కాను. సెంట్రింగ్ కర్రల మధ్య వేలాడదీసిన ఒక బల్బు. ఖాళీ సిమెంటు సంచులు పరుచుకుని రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో ఢోలక్ వాయించే నడివయసు మేస్త్రీ, గోళ్ళలో ఇంకా సున్నం. అందరి చేతుల్లోనూ ఝాల్, అంటే అరచేయంత కంచు తాళాలు. ఇటు వరుస నిదానంగా ఒక పాదం పాడింది. అటు వరుస అదే పాదాన్ని అందుకుంది. మళ్ళీ ఇటు. వేగం తెలీకుండా పెరుగుతోంది. ఒక దశలో మాటలు కరిగిపోయి గొంతులూ కంచూ ఒక్కటయ్యాయి, మోకాళ్ళ మీద లేచిపోయారు. సరిగ్గా పగలబోతోందనుకున్న చోట ఢోలక్ ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ నిదానంగా.

కాసేపటికి ఒక కుర్రాడు పక్కకి జరిగి, "కూచోండి భయ్యా" అని తన ఝాల్ నా చేతిలో పెట్టాడు. నాకు ఆ పాట రాదు, వాళ్ళ భోజ్‌పురి సగమే తెలుస్తుంది. అయినా ఎదుటి వరుస పాదం వదిలేసరికి చేతులు వాటంతటవే కొట్టాయి. కోల తప్పితే వేళ్ళు పగిలిన ఊరి పిల్లవాడికి ఆ ఖాళీ ఎక్కడ పూరించాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఫగువా అంటారు ఆ పాటల్ని. వాళ్ళ ఊళ్ళలో వసంత పంచమి నాడు మొదలవుతాయి. హోలీ పగలు వీధుల్లో జోగీరా చెప్పుకుంటారు, ఒకడు పొడుపు వేసినట్టు ఏదో కొంటె ప్రశ్న విసురుతాడు, మరొకడు అంతకంటే కొంటెగా తిప్పికొడతాడు. దొరల నుంచి దేవుళ్ళ దాకా ఎవర్నీ వదలరు. హోలీ నాటి రాత్రి మళ్ళీ వెళ్ళాను. రాత్రి బాగా పొద్దుపోయాక మేస్త్రీ ఢోలక్ పట్టు సడలించి వరుస మార్చాడు. కొత్త పాట, కొంచెం దిగులుగా, సాగదీతగా ఉంది. చైతా అన్నారు. ఫాల్గుణం అయిపోయింది, వాళ్ళ లెక్కలో చైత్రం వచ్చేసింది. ఇక వచ్చే ఏడాది దాకా ఫగువా ముట్టుకోరు. మా నాయినమ్మ మాట చెప్తే మేస్త్రీ తల ఊపి, "మా ఊళ్ళోనూ అంతే సార్" అన్నాడు. కారణం ఆయనా చెప్పలేదు.

రెండు వరుసలు. అప్పటి నుంచి ఎక్కడ చదివినా నా కళ్ళు వాటినే వెతకడం మొదలుపెట్టాయి. వ్రజభూమిలో ఫాల్గుణ శుద్ధ నవమినాడు నందగావ్ మగవాళ్ళు బర్సానాకు వస్తారు, అక్కడి ఆడవాళ్ళు లాఠీలతో వాళ్ళని బాదుతారు. మర్నాడు బర్సానా వాళ్ళు నందగావ్ వెళ్తారు. ఏటా పత్రికల్లో ఆ లాఠీల ఫొటోలు వస్తాయి గానీ, ఆ రెండు ఊళ్ళ గోసాయిలు గుళ్ళో ఎదురెదురుగా కూర్చుని సమాజ్ గానం చేస్తారన్న సంగతి ఫొటోకి ఎక్కదు. ఒక ఊరు కృష్ణుడి వైపు, ఒక ఊరు రాధ వైపు. వియ్యాలవారి మధ్య ఎకసెక్కాలు ఎలా నడుస్తాయో పాటలో అలాగే నడుస్తాయి. బృందావనపు రాధావల్లభ సంప్రదాయంలో ఈ సమాజానికి ముఖియా ఒకరుంటారు, ఆయన పాదం అందిస్తే ఎదుటివాళ్ళు అందుకుంటారు. అందుకునేవాళ్ళను ఝేలా అంటారు. ఆ వైపు నుంచే ధమార్ పెద్ద సంగీతంలోకి నడిచి వచ్చింది. పఖావజ్ మీద 14 మాత్రల తాళం, అయిదు, రెండు, మూడు, నాలుగుగా విరిగే నడక. సమంగా పడే అడుగు కాదు, రంగు తప్పించుకుంటూ పక్కకి దూకే అడుగు. ఆగ్రా ఘరానా ఉస్తాద్ ఫయాజ్ ఖాన్ దానికి పెట్టింది పేరు. 1950లో బరోడాలో కన్నుమూసిన ఆ ఉస్తాద్ హోరీ పాడుతుంటే ముస్లిం గొంతులో కృష్ణుడేమిటని అడిగిన శ్రోత ఎవరూ ఉండి ఉండరు.

మనకు దగ్గరగా చూడాలంటే తండాకు వెళ్ళాలి. దేవరకొండ వైపు ఒక మిత్రుడి అన్న కొడుక్కి ధూండ్ చేస్తుంటే వెళ్ళాను. గడిచిన హోలీ తర్వాత పుట్టిన బిడ్డకు ఈ హోలీకి చేసే ఆశీర్వాదం అది. రాజస్థాన్‌లోనూ ఇదే పేరుతో ఇదే పండుగకు చేస్తారు. లంబాడీలు ఏనాడో ఎడ్ల బిడారాలతో వచ్చిన దారిని ఆ ఒక్క ఆచారం ఇప్పటికీ చూపిస్తుంది. తల్లి ఒళ్ళో పసివాడు. వాడి తల పైన ఇద్దరు ఒక పొడవాటి కర్రను అడ్డంగా పట్టుకుంటారు. మిగతా మగవాళ్ళు తమ కర్రలతో దాని మీద దెబ్బ వేస్తూ లేంగి పాడతారు. ఒక్కో దెబ్బకు పిల్లవాడు ఉలిక్కిపడి కళ్ళు మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. కొంతసేపటికి ఉలిక్కిపడటం మానేసి చూడసాగాడు. వాడికి లోకం మోత అలవాటు చేస్తున్నారేమో అనిపించింది. ఆ తర్వాత ఆడవాళ్ళ వంతు. తీపి వంటకం నింపిన గిన్నె చుట్టూ తాళ్ళు బిగించి, కర్రలు పట్టుకుని కాపలా నిలబడ్డారు. మగవాళ్ళు దాన్ని ఎత్తుకుపోవాలి. పాటతో రెచ్చగొడుతూ వస్తారు, పాటతోనే తిట్లు తింటారు, వీపు మీద దెబ్బలూ తింటారు. మిత్రుడి పెద్దమ్మ, డెబ్బై దాటిన మనిషి, తన మరిది కొడుకుని కొట్టిన దెబ్బ ఉత్తుత్తిది కాదు. వాడు వీపు రుద్దుకుంటూ నవ్వాడు. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఎవరిమాట చెల్లుతుందో నాకు తెలియదు, ఆ పూట మాత్రం ఆమెదే చెల్లింది.

మరి వసంతమే లేని చోట? 1838లో గయానాకు మొదటి కూలీ ఓడలు చేరాయి. 1845లో ట్రినిడాడ్, 1873లో సూరినామ్, 1879లో ఫిజీ. ఒక్క గయానాకే 1917 దాకా రెండు లక్షల ముప్ఫై వేల పైచిలుకు మంది వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది ఇప్పటి భోజ్‌పురి, అవధీ ప్రాంతాల వాళ్ళు. ఫిజీకి 1903 తర్వాత మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. చెరకు తోటల్లో కొడవళ్ళు పట్టిన ఆ చేతులు ఢోలకూ ఝాలూ వదల్లేదు. చౌతాల్ అని పిలిచే ఆ రెండు వరుసల పాట ఇప్పటికీ అక్కడ పోటీలు పెట్టుకుని మరీ పాడుకుంటారు. పుట్టిన గడ్డ మీద పలచబడింది కూడా అక్కడ చిక్కగా నిలిచిందని పరిశోధకులు రాశారు. ఫిజీలో ఫాల్గుణం అంటే తుపాన్ల కాలం తోక. మామిడి పూత లేదు, కోయిల లేదు, చలి తగ్గడం అంటూ ఏమీ లేదు. అయినా ఫాల్గుణం వస్తుంది, పాట వస్తుంది. ఆకాశం నుంచి ఏ కబురూ రాకపోయినా పాడుతున్నారంటే, ఈ పాటను కట్టి ఉంచింది ఋతువు కాదు. మరేది? ఎదురుగా మరో వరుస కూర్చుని ఉంది గనక ఇటు వరుస పాడుతోంది, అంతే అనుకోవచ్చా?

ఇక్కడ నన్ను నేనే అడ్డుకోవాలి. ఆషాఢంలో నన్ను ఇబ్బంది పెట్టిన పాట గుంపుపాట కాదు గదా! బనారసు హోరీ. ఒక్క గొంతు పాడేది. రసూలన్ బాయి, సిద్ధేశ్వరీ దేవి, గిరిజా దేవి, వీళ్ళు ఒంటరిగానే పాడారు. అయితే ఆ పాటలో పాడుతున్న మనిషి ఎవరితో మాట్లాడుతోంది? దారి కాచి నిలబడ్డ కృష్ణుడితో. వద్దంటుంది, పైట తడిసిందంటుంది, అత్త తిడుతుందంటుంది. ఒక్కో మాటను పదిరకాలుగా వంచి, ఒకసారి కోపంగా, ఒకసారి గోముగా, ఒకసారి నిజంగానే భయపడ్డట్టు పలుకుతుంది. కృష్ణుడు మాత్రం మాట్లాడడు. ఎంత హోరీ విన్నా అతని వంతు పాదం రాదు. ఎదుటి వరుస ఖాళీ. ఆ ఖాళీని ఎదురుగా కూర్చున్న రసికులు పూరించాలి. నిట్టూర్పో, చేతి విసురో, వాహ్ అనో. చివర్లో నడక మారి తబలా లగ్గీ అందుకున్నప్పుడు ఒక్కసారిగా జవాబు దొరికినట్టు ఉంటుంది. కాశీలో హోలీ వెళ్ళిన మంగళవారం గంగ మీద పడవల్లో బుఢవా మంగళ్ జరిగేది. చైత్రంలో గులాబ్‌బాడీ, గులాబీల మధ్య చైతీ. పాడేవాళ్ళకీ వినేవాళ్ళకీ నడుమ జానెడు నీళ్ళో నాలుగు పూలో, అంతే దూరం.

1902లో గౌహర్ జాన్ గొంతు కలకత్తాలో గ్రామఫోనుకు ఎక్కిన దగ్గర నుంచి ఆ దూరం పెరుగుతూ వచ్చింది. దాన్ని తిట్టే హక్కు నాకు లేదు. కరీంనగర్ పల్లెలో పుట్టినవాణ్ణి, రికార్డు లేకపోతే బనారసు హోరీ నా చెవిన పడేదా? పడవ మీది మెహఫిల్‌కు మమ్మల్ని ఎవరు పిలుస్తారు? జాజిరి పాటలను కూడా కొందరు ఓపికగా ఊరూరా తిరిగి రికార్డు చేశారు. విన్నాను. కోలల చప్పుడుతో సహా శుభ్రంగా ఉన్నాయి. అడిగే వరుస, అందుకునే వరుస రెండూ అందులోనే ఉన్నాయి. నాకు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. ఆషాఢం నాటి ఇబ్బంది అదేనేమో అనుకుని కొన్నాళ్ళు తృప్తిపడ్డాను. తప్పింది నెల కాదు, నా వంతు. అందంగానే ఉంది ఈ మాట. కానీ అలా అయితే నాయినమ్మ కసురు ఎటు పోవాలి? ఆమె నా వంతు గురించి కాదు కదా కసురుకుంది, గడువు దాటిందని కసురుకుంది.

ఈ చిక్కు విడిపోయింది మా అపార్ట్‌మెంట్ హోలీ రోజున. సెల్లార్ బయట పెద్ద స్పీకర్లు. 1975 నాటి షోలే పాట, 1981 నాటి సిల్‌సిలా పాట, ఆ పైన కొత్తవి. పిల్లలు గంతులేస్తున్నారు, నాకేమీ అభ్యంతరం లేదు, నేనూ రెండడుగులు వేశాను. రాన్రాను పాటలు మోటుగా మారాయి. ఒక మగగొంతు అమ్మాయి నడుము గురించీ రవిక గురించీ అరుస్తోంది, ఢోలు దడదడలాడుతోంది. మా పై అంతస్తు అమ్మాయి, కాలేజీలో చదువుతోంది, మెల్లిగా తువ్వాలు కప్పుకుని లిఫ్ట్ వైపు వెళ్ళిపోయింది. ఆ పిల్ల తల్లి, "హోలీ కదా అంకుల్, ఇట్లాంటివి మామూలే" అంది, మొహం మాత్రం మామూలుగా లేదు. మామూలేనా? మోటుతనం కొత్తదేమీ కాదు. జోగీరాలో అంతకంటే మోటు మాటలుంటాయి, మా జాజిరిలోనూ ఉండేవి, బర్సానా ఎకసెక్కాలు విన్నవాళ్ళకు తెలుసు. తేడా ఎక్కడంటే, అక్కడ అన్నవాడికి అనిపించుకునే వంతు వెంటనే వస్తుంది. తండాలో పెద్దమ్మ చేతిలో కర్ర ఉంది. నందగావ్ వాడు ఈ రోజు పాడితే రేపు బర్సానా వాడు వచ్చి పాడతాడు. స్పీకర్‌కి ఎదురు వరుస లేదు. ఆ అమ్మాయి తిప్పికొట్టాలంటే ఎవరి మీదికి తిప్పికొట్టాలి? ఏమీ అనుకోవద్దు, హోలీ కదా అన్న మాటను అడ్డం పెట్టుకుని వీధుల్లో ఆడపిల్లల మీద చేతులు వేసే వాళ్ళ సంగతీ ఇదే. జవాబు చెప్పే వంతు ఉన్నంతసేపు సరసం, ఆ వంతు తీసేస్తే వేధింపు.

అప్పుడు నాయినమ్మ గడువు అర్థమైంది. పిసినారి ఆసామి తన గడప ముందు పిల్లలు తనను దులిపేస్తుంటే ఎందుకు నవ్వగలిగాడు? పున్నమితో ఇది అయిపోతుందని ఆయనకు తెలుసు. మా పిల్లలకు అంత ధైర్యం ఎక్కడిది? అదే తెలుసు గనక. కాముడు కాలాక కూడా ఆ పాట సాగితే అది ఆట కాదు, ఒక మనిషిని పట్టుకుని వేధించడం. ఎదుటి వరుసా, గడువూ వేర్వేరు నియమాలనుకుని నేను ఇన్నాళ్ళూ ఒకదానితో ఒకటి పోట్లాడించాను. రెండూ ఒకే పని చేస్తున్నాయి, నోటికి హద్దు గీస్తున్నాయి. ఇంత మాట అనొచ్చు, అయితే అనిపించుకోవాలి, ఇదిగో ఈ రోజుతో ఆపాలి. కాముణ్ణి కాల్చే పండుగకు అన్నీ కాముడి పాటలే ఏమిటని ఎవరో ఎగతాళి చేశారు గానీ, నాకిప్పుడు అందులో విడ్డూరం కనిపించదు. విడిచిపెట్టబోయే వాటిని ఒకసారి నోరారా అనుకుని మంటలో వేయడం తెలివైన ఏర్పాటే. అయితే పాతకాలమంతా ఇంత చక్కగా నడిచిందని నేననను. ఆ హద్దులు ఏ కులంవాళ్ళకు ఎంతవరకు చెల్లాయో, ఏ ఆడదానికి కర్ర దక్కలేదో, ఆ లెక్కలు తీస్తే నా ఊరి జాజిరి కూడా అంత అమాయకంగా మిగలదు. మేం గొంతెత్తి పాడింది ఊరి నడుమ ఇళ్ళ ముందే. వాడ పిల్లలు మా వరుసలో ఉన్నారా అని ఇప్పుడు గుర్తు చేసుకోబోతే గుర్తు రావడం లేదు. గుర్తు రాకపోవడమే జవాబు.

కాబట్టి ఆషాఢంలో హోరీ వస్తే రానీ. ఒక గొప్ప గాయని కృష్ణుణ్ణి ఎప్పుడు బతిమాలుకున్నా ఎవరికీ నష్టం లేదు, నా పకోడీలకూ నష్టం లేదు. పట్టించుకోవాల్సింది స్పీకరు గురించి. మొన్న సంఘం సమావేశంలో వచ్చే హోలీకి డీజే బదులు కోలలు కొందామని, జాజిరి వచ్చినవాళ్ళు మన బ్లాకుల్లో ఎందరున్నారో వెతుకుదామని అన్నాను. సెక్రటరీ గారు కాదనలేదు. కోలలకు ఎంతవుతుందని అడిగారు, వీళ్ళలో సగంమందికి తెలుగే రాదు కదా అని కూడా అడిగారు. బీహారీ టవరు వాళ్ళను పిలుద్దామా అన్నాడొకాయన. వాళ్ళు లోపలికొస్తే సెక్యూరిటీ ఏమంటారో అంది మరొకావిడ. చర్చ అక్కడే చాలాసేపు ఆగింది. నాకు మాత్రం ఆ మాటతోనే సమావేశం దారిలో పడిందనిపించింది. ఏ పాట పెట్టాలన్నది వదిలేసి, ఎదురుగా ఎవరిని కూర్చోబెట్టుకోగలం అన్న దగ్గరికి వచ్చాం మరి.